దూరం పోయే ఫొటో

సిరిసిల్ల,
9 జూన్ 2023

బిడ్డా సృజనా,

నీ ఉత్తరం అందింది. ఇంత మాత్రానికి ఉత్తరాలెందుకు, ఫోన్లో చెబితే పోయేది గదా అని మీ పెద్దమ్మ అంటున్నది. ఫోన్లో నువ్వు నా మాటను సగంలోనే కోసేస్తావు. ఉత్తరంలో నీకు ఆ వీలు లేదు. పైగా నేను బడి మెట్లెక్కినవాణ్ణి కాను. సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య, నూలు మూటలకు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదివి నేర్చుకున్న అక్షరాలు నావి. వాడకపోతే తుప్పు పడతాయి.

నాకు అర్థమైంది రాస్తాను, తప్పయితే దిద్దు. ఆసిఫాబాద్‌లో నీ స్టూడియోకు పెళ్లి గిరాకీ తగ్గింది. అందుకని ఎవరు కొంటారో ముందుగా తెలియని ఫొటోలు తీసి ఇంటర్నెట్టులో ఒక పెద్ద దుకాణంలో పెడుతున్నావు. ఏ దేశం వాడికి ఏ బొమ్మ కావాలో వాడు కొనుక్కుపోతాడు. దానికి సినిమా ముఖాలు వద్దు, మామూలు ముఖాలు కావాలి. మామూలు ముఖాలనగానే నీకు మీ పెద్దబాపు ఊరు గుర్తుకొచ్చింది. సంతోషం.

కానీ మామూలు ముఖం దొరకడం అనుకున్నంత సులువు కాదు. చాయ హోటలు సాంబయ్యను అడిగాను. ఆ సాయంత్రమే జుట్టుకూ మీసాలకూ రంగు వేసుకుని కూర్చున్నాడు. ఉన్నవాడివి ఉన్నట్టు రావయ్యా అంటే, ఉన్నట్టే ఉండేదానికి ఫొటో ఎందుకన్నాడు. మా కాలంలో స్టూడియో గోడ మీద విమానం గీసి ఉండేది. కిటికీ ఉన్నచోట బెజ్జం. అందులో తల పెట్టి ఫొటో దిగేవాళ్లం. భీవండికి మగ్గాల పనికి పోయినవాళ్లందరూ రైల్లో నిలబడి పోయారు, ఫొటోలో మాత్రం విమానంలో పోయారు. సాంబయ్య ఆ కాలం మనిషి.

ఇక అసలు మనిషి. మన గోడ పక్క వినోద నీకు తెలుసు. ఆమె మగడు ముత్యం, సాంచాలు బందైనప్పుడు దుబాయి పోయాడు. కంపెనీ విడిచి ఎటో పోయాడని కబురు వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లుగా ఫోను లేదు, కబురు లేదు. కులపోళ్లు ఇక దినాలు చేయమంటున్నారు. వినోద ఒప్పుకోదు, అత్త బాలవ్వ అంతకన్నా ఒప్పుకోదు. ముసలమ్మ పొద్దున లేవగానే కోడలి ముఖాన బొట్టు చూసి గానీ చాయ ముట్టదు. "దీని బొట్టు సూసినంక నా కొడుకు ఉన్నడనుకుంట," అంటుంది.

నీ సంగతి చెప్పగానే వినోద ఒకటే అడిగింది. "మామా, గా ఫొటో దుబాయ్‌ల గూడ కనవడ్తదా?"

ప్రపంచంలో ఎక్కడైనా కనపడుతుందని మా సృజన రాసిందన్నాను. అయితే దిగుతానన్నది. డబ్బులు వద్దన్నది. ముత్యం ఏ మూలనున్నా ఒకనాడు చూస్తాడని ఆమె ఆశ. అట్లా అవుతుందా బిడ్డా? కాకపోతే ఇప్పుడే చెప్పు.

మీ పెద్దమ్మ నీకు మామిడికాయ తొక్కు పంపుతున్నది. నా దీవెనలు.

నీ పెద్దబాపు
బుచ్చిరాములు

*

ఆసిఫాబాద్,
20 జూన్ 2023

పెద్దబాపూ,

తొక్కు అందింది. సీసా సగమైంది.

నువ్వు అర్థం చేసుకున్నది సరిగ్గానే ఉంది. సాంబయ్య మామకు రంగు దిగేదాకా ఆగుతానని చెప్పు. ఎవరి చొక్కా మీదా కంపెనీల పేర్లూ గుర్తులూ ఉండకూడదు, దుకాణం వాళ్లు ఒప్పుకోరు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ రోజే చేతిలో డబ్బులు పెడతాను, తర్వాత ఫ్రేము కట్టిన ఫొటో ఇస్తాను. వాళ్లు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ ఫొటోను కొన్నవాళ్లు వాడుకోవచ్చు, తర్వాత ఎన్నిసార్లు అమ్ముడైనా వాళ్లకు వాటా రాదు, అన్నది అందులో సంగతి. ఇది నువ్వే అందరికీ విప్పి చెప్పాలి. నేను చెబితే వినరు, నువ్వు చెబితే నమ్ముతారు.

వినోద వదిన డబ్బులు తీసుకుంటేనే నాకు నిమ్మళం. అయినా ఆమె ఇష్టం. ఫొటో దుబాయి దాకా పోతుందా అంటే, పోవచ్చు. ఎంత దూరం పోతుందన్నది కొంత నా పనితనం మీద కూడా ఉంటుంది. ఎక్కువమందికి పనికొచ్చేలా చేస్తాను. అది నాకు వదిలేయమను.

నీ
సృజన

*

సిరిసిల్ల,
18 జూలై 2023

బిడ్డా,

నువ్వు వచ్చి ఫొటోలు తీసుకుని బస్సెక్కిన నాటినుంచి మా వాడలో ఎవరూ మామూలుగా నడవడం లేదు. అందరూ ఒక పక్కకు తిరిగి నడుస్తున్నారు. సాంబయ్య జన్మలో నాగలి పట్టలేదు, నువ్వు రైతు వేషం కట్టించావు. ఇప్పుడు హోటల్లో వానల గురించి మాట్లాడుతున్నాడు. టైలర్ మమతారాణి నువ్విచ్చిన డబ్బులతో కుట్టుమిషను బాగు చేయించుకున్నది. ఎవరికీ ఫిర్యాదు లేదు.

ఫొటోకు ముందు నువ్వు కెమెరా బిగించుకుంటున్నప్పుడు జరిగింది నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను. వినోద ఇంట్లోకి పోయి ముఖం మళ్లీ కడుక్కుని వచ్చింది. రోజూ పెట్టేది చిన్న బొట్టు. ఆ రోజు కుంకుమతో రూపాయి బిళ్లంత పెట్టింది. జాతరకా అని నేను ఎగతాళి చేస్తే, "దూరంకెల్లి సూసినా కనవడాలె మామా. నేను ఉన్నట్టే ఉన్ననని ఆయినెకు తెల్వాలె," అన్నది. నల్లపూసలు కూడా చీర మీదికి తీసి వేసుకున్నది. కిటికీ దగ్గర ఆమె నవ్వింది చూశావే, అది నీ కెమెరాకు కాదు.

నువ్విచ్చిన కవరు నా చేత తిప్పి పంపిందని కోపం పెట్టుకోకు. డబ్బులు తీసుకుంటే అది కూలి అవుతుందట, తాను కూలికి రాలేదట. ఆ మాట మీదనే ఉన్నది.

నిన్న బాలవ్వ గోడ మీదుగా అడిగింది, ఫొటో ఎక్కడిదాకా పోయిందని. మంచిర్యాల దాటి ఉంటుందన్నాను. నవ్వలేదు. తల ఊపింది.

దీవెనలతో
పెద్దబాపు

*

ఆసిఫాబాద్,
2 అక్టోబరు 2023

పెద్దబాపూ,

వానలకు స్టూడియోలో నీళ్లొచ్చి రాయడం ఆలస్యమైంది. మంచి కబురే. నేను పెట్టిన ఫొటోలన్నిటిలో వినోద వదినదే ఎక్కువ పోతున్నది. కిటికీ వెలుతురులో ఆ నవ్వు. కొన్నవాళ్ల ఊరి పేరు మాత్రమే నాకు కనిపిస్తుంది. హైదరాబాద్ వాళ్లూ కొన్నారు, పోయిన వారం దుబాయి వైపు వాళ్లు కూడా కొన్నారు. వదినకు చెప్పు.

మిగతావాళ్ల ఫ్రేములు ఆర్టీసీ పార్సిల్‌లో పంపాను. వదిన ఫ్రేము అందరికన్నా పెద్దది, అది ఇంకా తయారు కాలేదు.

సృజన

*

సిరిసిల్ల,
11 డిసెంబరు 2023

సృజనా,

నీ పోయిన ఉత్తరాన్ని బాలవ్వ వాకిట్లో కూర్చుని చదివి వినిపించాను. దుబాయి అన్న మాట రెండుసార్లు చదివించుకున్నారు. ఆ రోజు సేమియా వండి వాడకంతా పెట్టారు. సాంబయ్య గిన్నె తెచ్చుకుని మరీ పెట్టించుకున్నాడు. ఆ సేమియా ఎందుకు చెబుతున్నానంటే, మొన్నటి సంగతి చెప్పడానికి నోరు రాక.

నాలుగు రోజుల కింద బాలవ్వ ధర్మపురి పోయింది. గోదాట్లో మునిగి, నర్సింహస్వామికి కొడుకు పేర మొక్కి, సాయంత్రానికి తిరిగొచ్చి బస్టాండులో దిగింది. దిగేచోట ఎదురుగా కొత్త ఫ్లెక్సీ. ఏదో ఇన్సూరెన్సు కంపెనీది. "ఆయన లేరు. ఆయన ముందుచూపు ఉంది," అని రాసి ఉన్నది. దాని మీద వినోద.

అదే కిటికీ, అదే చీర, అదే నవ్వు. నొసట బొట్టు లేదు. మెడలో నల్లపూసలు లేవు.

ముసలమ్మ ఇల్లు చేరి అరవలేదు. అరిస్తే బాగుండేది. వాకిట్లో కూలబడి, నీళ్లు తెచ్చిన కోడలిని చూసి, "ఎవనికి అమ్మినవే నా కొడుకును?" అన్నది. అంతే. వినోదకు ఏమీ అర్థం కాలేదు, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం బస్టాండుకు పోయి చూశాం. ఆమె ఫ్లెక్సీ కింద నిలబడి తన నొసలు తడుముకున్నది. పక్కనున్నవాళ్లు ఫ్లెక్సీని చూసి, ఆమెను చూసి, పక్కకు జరిగారు.

కెమెరా ముందు బొట్టు తీసి, ఇంటికొచ్చి మళ్లీ పెట్టుకున్నదని బాలవ్వ అనుకుంటున్నది. ఎదురుగా అంత పెద్ద బొమ్మ ఉంటే ఎవరి మాట నమ్ముతుంది? కోడలి చేతి తిండి మానేసింది. వాకిట్లో మూడు ఇటుకలు పెట్టి తన బువ్వ తానే వండుకుంటున్నది. పొద్దున ఆ ముఖం చూడాల్సి వస్తుందని గోడ వైపు తిరిగి పడుకుంటున్నది. దినాలు చేయమన్న కులపోళ్లు మళ్లీ వచ్చి కూర్చున్నారు, కోడలే ఒప్పుకున్నది గదా అని.

నాకు ఒకటే చెప్పు. తుడిచిందెవరు?

బుచ్చిరాములు

*

ఆసిఫాబాద్,
19 డిసెంబరు 2023

పెద్దబాపూ,

నీ ఉత్తరం చదివాను. తుడిచింది కొన్నవాళ్లే. ఫొటో కొన్నాక వాళ్లకు కావలసినట్టు మార్చుకుంటారు. ఆ హక్కు కాగితంలోనే ఉంది. అది నా చేతిలో లేదు. వదిన బొట్టుతోనే దిగిందని బాలవ్వకు నువ్వే చెప్పాలి, నీ మాట ఆమె కాదనదు.

నా వల్ల ఆమెకు ఇంత కష్టం వచ్చింది. కవరులో కొంత డబ్బు పెట్టాను. ఈసారైనా తీసుకోమను.

నీ బిడ్డ
సృజన

*

సిరిసిల్ల,
4 జనవరి 2024

బిడ్డా సృజనా,

నిన్ను అనుమానించినందుకు మనసులో పెట్టుకోకు. ముసలివాణ్ణి, తొందరపడ్డాను.

నీ ఉత్తరం చదివినాక కుంకుమ పొట్లం కొని, సాంబయ్యను వెంటబెట్టుకుని బస్టాండుకు పోయాను. వాడు హోటలు స్టూలు తెచ్చాడు. నేను ఎక్కాను, వాడు పట్టుకున్నాడు. నొసలు అందలేదు, పెదవి కింద గదవ దాకా అందింది. గదవకు బొట్టు పెట్టలేం గదా. సాంబయ్య ఎక్కాడు. వాడికి అందింది గానీ ఫ్లెక్సీ మీద కుంకుమ నిలవదట, అంతా వాడి ముఖాన రాలింది. ఒక కండక్టరు ఏ పూజ అని అడిగి దండం పెట్టుకుని పోయాడు. నవ్వుకుంటే నవ్వుకో. అక్కడ మేము నవ్వలేదు.

తర్వాత బాలవ్వ ముందు కూర్చున్నాను. నీ ఉత్తరం చదివాను. ఎవరో కంపెనీవాళ్లు తుడిచారు, నీ కోడలు తుడవలేదు, మా పిల్ల తుడవలేదు అన్నాను. ముసలమ్మ నా ముఖంలోకి చూసి, "రాములూ, నీ పిల్లల మీద ఆన వెట్టి చెప్తవా?" అన్నది. మాకు పిల్లలు లేరని ఆమెకు తెలుసు. పిల్లలంటే నువ్వే. నీ మీద ఒట్టు పెట్టాను.

ఆ పూట కోడలు వడ్డిస్తే తిన్నది. ఇటుకలు తీసి పక్కకు పెట్టింది.

నీ కవరు ఇందులోనే తిరిగి వస్తున్నది. వినోద దాన్ని విప్పనైనా విప్పలేదు. నువ్వు మంచి మనసుతోనే పంపావని చెప్పాను. అవునన్నది.

నా దీవెనలు ఎప్పుడూ ఉన్నవే.

పెద్దబాపు

*

సిరిసిల్ల,
26 ఫిబ్రవరి 2024

సృజనా,

ముత్యం బతికే ఉన్నాడు.

మొన్న సాయంత్రం నా డబ్బా ఫోనుకు చేశాడు. నంబరు మార్చని మనిషిని నేనొక్కణ్ణేనట. షార్జా వైపు ఏదో మెస్సులో వంట చేస్తున్నాడు. కాగితాలు లేవు, దొరికితే జైలు, అందుకని రాలేడు. మరి ఒక్క ఫోను ఎందుకు చేయలేదురా అంటే, "ఏం మొఖం వెట్టుకొని జెయ్యాలె కాకా? రాలేనని జెప్పుడేనాయె," అన్నాడు. నాకు జాలేసింది. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. వాడు ఫోను చేసింది మా మంచిచెడ్డలు అడగడానికి కాదు, నిలదీయడానికి. వాళ్ల సందులో ఊర్లకు డబ్బులు పంపే దుకాణం ఉన్నదట. దాని అద్దం మీద వినోద ఫొటో చూశాడు.

"నేను బతికుండంగనే బొట్టు, నల్లపూసలు దీసిందా? నేను సచ్చిన్నని దానికి ఎవలు జెప్పిన్రు?"

"నువ్వు బతికున్నవని ఎవలకు జెప్పినవురా?" అన్నాను.

నా గొంతు విని వచ్చిన బాలవ్వ నా చేతిలోంచి ఫోను గుంజుకున్నది. కొడుకా అని ఏడ్చింది, నవ్వింది, ఏం తిన్నావని అడిగింది. తల్లి గదా. వినోద గోడ అవతల నిలబడి ఉన్నది. రమ్మంటే రాలేదు. అంతా విన్నది.

ఇప్పుడు నీతో నా మాట. బస్టాండు ఫ్లెక్సీ వాళ్లు హైదరాబాద్ ఇన్సూరెన్సు వాళ్లు. అద్దం మీద పెట్టినవాళ్లు షార్జా వాళ్లు. వీళ్లకూ వాళ్లకూ ముఖపరిచయం ఉండదు. అయినా ఇద్దరికీ ఆ బొట్టే అడ్డమొచ్చిందా? ఇద్దరూ నల్లపూసలే తీశారా? డబ్బులు పంపే దుకాణానికి పెండ్లాం ముఖాన బొట్టు ఉంటే మంచిదే గదా, తుడవాల్సిన పనేముంది?

నేను నీ మీద ఒట్టు పెట్టిన సంగతి గుర్తుంచుకుని రాయి.

బుచ్చిరాములు

*

ఆసిఫాబాద్,
5 మార్చి 2024

పెద్దబాపూ,

తుడిచింది నేనే.

సిరిసిల్ల నుంచి వచ్చిన వారంలోనే. ఒకే ఫొటోను రెండు రకాలుగా పెట్టాను, బొట్టుతో ఒకటి, లేకుండా ఒకటి. బొట్టు ఉంటే ఆమె మన దేశంలో ఒకరి భార్య మాత్రమే. లేకపోతే ఎవరికి కావలసిన ఆడమనిషి వాళ్లకు అవుతుంది. ఈ పనిలో అందరూ చేసేదే. బొట్టుతో ఉన్నది ఒక్కరు కూడా కొనలేదు. ఎక్కువ దూరం పోవాలన్నది వదిన కోరికే గదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె బొట్టు ఎందుకు పెద్దగా పెట్టుకున్నదో తెలియక చేశానని రాయాలనుంది. కానీ నీ జూలై ఉత్తరంలో నువ్వు రాశావు. చదివాను. అప్పటికే అమ్మకాలు మొదలయ్యాయి, తీయలేదు. డిసెంబరులో అబద్ధం రాసింది, నువ్వు నా వైపు నుంచి తప్పుకుంటావన్న భయంతో. నువ్వు ఒట్టు పెడతావని అనుకోలేదు.

ఆ ఫొటోను తీసేయమని దుకాణానికి ఈ రోజే రాయబోతున్నాను. ఇప్పటికే కొన్నవాళ్ల దగ్గర మాత్రం ఉంటుంది. నేనొచ్చి వదిన ముందు, బాలవ్వ ముందు నిలబడమంటే నిలబడతాను. ఎప్పుడు రమ్మంటావు?

సృజన

*

సిరిసిల్ల,
17 మార్చి 2024

సృజనకు,

నువ్వు రానక్కరలేదు. నేనే పోయి చెప్పాను. మా పిల్లే తుడిచింది, నేను పెట్టింది అబద్ధపు ఒట్టు అన్నాను. బాలవ్వ చాటలో బియ్యం ఏరుతున్నది. ఏరడం ఆపలేదు. "ఆ పిల్ల మంచిగున్నదా?" అని మాత్రం అడిగింది. ఒట్టు తప్పితే నీకేమైనా అవుతుందని ముసలమ్మ భయం. బాగానే ఉన్నదన్నాను. నువ్వు తన కొడుకును ఫొటోలో చంపితే, ఆమె నీ ప్రాణం గురించి అడిగింది. ఇది నీకు తెలియాలి.

ముత్యం మళ్లీ ఫోను చేశాడు. ఈసారి వినోద తీసుకున్నది. వాడు చాలాసేపు మాట్లాడాడు. పరువన్నాడు, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నానన్నాడు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఈ మూడేండ్లు నీ దగ్గర ఫోన్ ఉండెనా?"

ఉన్నదన్నాడు. ఆమె ఫోను నా చేతికిచ్చి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున బాలవ్వ ఎప్పటిలా వాకిట్లో కూర్చుని కోడలి కోసం చూసింది. వినోద చాయ తెచ్చింది. నొసట బొట్టు లేదు. మెడలో నల్లపూసలు లేవు. నేను గోడ ఇవతల పళ్లు తోముతున్నాను, పుల్ల నోట్లోనే ఆగిపోయింది. కొడుకు దొరికాడని సంబరంగా ఉన్న ముసలమ్మ, "ఉన్నడని తెలిసినంక తీసినవేందే?" అన్నది.

"సచ్చిండేమో అనుకుంటనే పెట్టుకున్న అత్తా. ఉన్నడని తెలిసింది, తీసిన."

బాలవ్వ చాలాసేపు ఆ ముఖాన్నే చూసింది. తర్వాత చాయ తాగింది. కులపోళ్లు మాత్రం ఏం చేయాలో తెలియక ఎటువాళ్లు అటు పోయారు. బతికున్నవాడికి దినాలు చేసే పద్ధతి వాళ్లకూ లేదు.

ఫొటో తీయించేస్తున్నావని చెప్పాను. వినోద వద్దన్నది. ఆమె మాటే రాస్తున్నాను, "ఇప్పుడెందుకు తీసుడు మామా? ఉండనీయుమను. గా అద్దం మీద ఉన్నది ఇప్పుడు నేనే." వాడు రోజూ ఆ సందులోంచే పనికి పోతాడట.

దాన్ని క్షమించడం అనుకుని నిమ్మళపడకు. అది వాడికి పంపిన జవాబు, నీకు కాదు. నీకు జవాబు ఇవ్వాల్సింది నేను. ఈ వాడలో అందరూ ఆ కాగితం మీద సంతకం పెట్టింది నా ముఖం చూసి. నువ్వు అమ్మినవాటిలో నా ముఖం కూడా ఉన్నది, దానికి బొట్టు ఉన్నదీ లేనిదీ అని రెండు రకాలు లేవు. ఇక నా పేరు చెప్పి ఎవరినీ అడగకు. నేను కూడా ఎవరినీ చూపించను.

పండక్కి ఎప్పుడైనా వస్తే రా. మీ పెద్దమ్మ అన్నం పెడుతుంది, నేను పక్కనే కూర్చుంటాను. ఏం మాట్లాడతానో ఇప్పుడే చెప్పలేను.

బుచ్చిరాములు